తొమ్మిదో తరగతికి వార్తను చదవడం నేర్పాలంటే వరద హెచ్చరికతో మొదలుపెట్టండి

మీరు అడిగినది నాకు అర్థమైనంత వరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు రాజోలు వైపు ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నారు. గోదావరికి వరద వచ్చిన వారంలో "డ్యామ్ తెగింది, అందరూ ఊళ్లు ఖాళీ చేయండి" అనే సందేశం పిల్లల ఇళ్లలోని ఫోన్లన్నిటినీ చుట్టివచ్చింది, మరునాడు తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి. అది అబద్ధమని తేలాక, వార్తను, సమాచారాన్ని వివేచనతో చదవడం తొమ్మిదో తరగతికి ఎక్కడి నుంచి మొదలుపెట్టి నేర్పాలని, దానికి మార్కులు ఎలా వేయాలని అడిగారు. నేను పదిహేడేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా పనిచేసి, ఆ తరువాత డెల్టాలోని బడుల్లో ఇదే విషయం చెబుతూ తిరుగుతున్నవాడిని కాబట్టి, నా సమాధానం కొంచెం పొడవుగానే ఉంటుంది.

చాలా శిక్షణ తరగతుల్లో ఈ పాఠం "ఫోన్‌లో వచ్చేదేదీ నమ్మకండి" అనే మాటతో మొదలవుతుంది. ఆ మాటతో నాకు మొదటి నుంచీ పేచీ ఉంది. ఏటిగట్టుకు అవతల లంకలో, అంటే నది మధ్య దీవిలో, ఇల్లున్న పిల్లవాడు అబద్ధపు కబురును నమ్మితే ఒక పూట బడి పోతుంది, సామాను మూటలు కట్టిన శ్రమ వృథా అవుతుంది. నిజమైన హెచ్చరికను "ఇదీ అలాంటిదేలే" అని కొట్టిపారేస్తే ప్రాణమే పోవచ్చు. 1996 నవంబరు 6 రాత్రి తూర్పుగోదావరి తీరాన్ని దెబ్బతీసిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రిని కళ్లారా చూసిన అమ్మమ్మలు, తాతయ్యలు మీ పిల్లల ఇళ్లలో ఇంకా ఉన్నారు, దేన్నీ నమ్మవద్దని వాళ్లెవరూ చెప్పరు. అందుచేత పిల్లలకు అబ్బవలసినది ఏ మాటను ఎందుకు నమ్మవచ్చునో తేల్చుకునే అలవాటు. కబురులో ఉన్న ప్రతి అంకెనూ ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎవరు కొలిచారు అని నిలదీయడంతో ఆ అలవాటు మొదలవుతుంది.

దీనికి మన ప్రాంతంలో దొరికినంత మంచి సరుకు మరెక్కడా దొరకదని నా అభిప్రాయం. వానాకాలంలో ఒకే వారంలో "రెండో హెచ్చరిక" అనే మాట మూడు వేర్వేరు అర్థాలతో వినిపించగలదు. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలను 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. ప్రవాహంలో చెప్పుకుంటే అవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఇక కాకినాడ రేవులో ఎగరేసే సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి, వాటికి నదితో సంబంధమే లేదు. అక్కడ రెండో నంబరు అంటే దూరాన సముద్రంలో తుపాను ఉందని ఓడలకు తెలియజేయడం, పదో నంబరు అంటే అతి తీవ్రమైన ప్రమాదం. వీటికి తోడు వాతావరణ శాఖ వాడే రంగులున్నాయి: పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని. ఇన్ని కొలబద్దలు ఒకేసారి వాడుకలో ఉన్న చోట "మూడో ప్రమాద హెచ్చరిక జారీ, అప్రమత్తంగా ఉండండి" అని ఊరి పేరు లేకుండా ఒక సందేశం వస్తే, అది నిజమా అబద్ధమా అనే ప్రశ్న దాకా పోనవసరం లేదు, అందులో అసలు సమాచారమే లేదు.

కాబట్టి మొదటి తరగతిలో నల్లబల్ల మీద భద్రాచలం, ధవళేశ్వరం, కాకినాడ కొలబద్దలను పక్కపక్కన పిల్లల చేతనే గీయించండి. పైన భద్రాచలంలో పెరిగిన నీరు గంటలు గడిచాక గానీ ధవళేశ్వరం చేరదనీ, భద్రాచలం దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది కాబట్టి భద్రాచలం అంకెను చూసి ధవళేశ్వరం పరిస్థితిని నేరుగా లెక్కకట్టలేమనీ పటం మీద చూపించండి. భూగోళం పాఠం వేరు, వార్తల పాఠం వేరు అనుకున్న పిల్లలకు ఆ రెండూ ఒకటేనని అప్పుడు తెలుస్తుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. డెస్క్‌లో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక ఆగస్టు రాత్రి, ఎడిషన్ వదలడానికి పావుగంట ఉందనగా ఎగువ నుంచి ఒక కంట్రిబ్యూటర్, అంటే ఊళ్లో ఉండి వార్తలు పంపే విలేకరి, ఫోన్ చేసి "నలభై ఎనిమిది దాటిందండి, రెండో హెచ్చరిక ఇచ్చేశారు" అన్నాడు. లైను సరిగ్గా లేదు, ఊరి పేరు నేను అడగలేదు. జిల్లా పేజీల్లో మొదటి పేజీకి "గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక" అని బాక్స్ కట్టి, మొదటి వాక్యంలో ధవళేశ్వరం అని రాసి పంపించేశాను. ధవళేశ్వరం కొలబద్ద మీద 48 అడుగులనేది ఊహకు కూడా అందని సంఖ్య అని ఆ క్షణాన నాకు తట్టలేదు, నా పక్కన ఉన్నవారికీ తట్టలేదు. తెల్లవారి ఆఫీసుకు ఒక లంక నుంచి ఫోన్ వచ్చింది. "మీ పేపరు చూసి గేదెల్ని గట్టెక్కించేశామండి. ఏట్లో నీళ్లేమో నిన్న ఉన్నట్టే ఉన్నాయి. ఇప్పుడు దింపమంటారా, ఉంచమంటారాండి?" అని ఆయన చాలా మర్యాదగా అడిగారు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. సవరణ రెండు రోజుల తరువాత లోపలి పేజీలో నాలుగు లైన్లలో వచ్చింది; బాక్స్ చదివినవాళ్లలో ఆ నాలుగు లైన్లు ఎందరి కంట పడి ఉంటాయో మీరే ఊహించుకోవచ్చు. ఆ బాక్స్ కత్తిరింపును నేను ఇప్పటికీ తరగతికి పట్టుకెళతాను. కొలబద్దలు గీసిన తరువాత ఇస్తే, వెనక బెంచీ పిల్లలు కూడా తప్పును అర నిమిషంలో పట్టుకుంటారు. గీయకముందు ఇస్తే పట్టుకున్నవాళ్లు ఇంతవరకు లేరు.

రెండో రకం కబుర్లు ఇంతకంటే చిక్కయినవి, ఎందుకంటే వాటిలోని ప్రతి మాటా నిజమే. "ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేశారు" అనేది అలాంటిది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉన్న ఆ బ్యారేజీకి మొత్తం 175 గేట్లున్నాయి. పెద్ద వరద వచ్చినప్పుడు వాటన్నిటినీ ఎత్తడం ఏటా జరిగే పని. కానీ ఆ వాక్యం చదివినవాడికి, ఎవరో ఆపి ఉంచిన నీటిని ఒక్కసారిగా మన మీదికి వదిలారన్న భావం కలుగుతుంది. ఇక్కడ పిల్లల చేత ఒక లెక్క చేయించండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 10 లక్షల క్యూసెక్కుల వరద వస్తున్నప్పుడు ఒక టీఎంసీ నీరు వెయ్యి సెకన్లలో, అంటే పదిహేడు నిమిషాల లోపే దాటిపోతుంది. ధవళేశ్వరం దగ్గర నిల్వ ఉండగలిగేది సుమారు 3 టీఎంసీలు, కాబట్టి మొదటి హెచ్చరిక స్థాయి వరదకే అది గంట లోపు నిండిపోతుంది. ఆనకట్టగా కాటన్ దొర కాలంలో 1852 నాటికి పూర్తయినప్పటి నుంచీ దాని పని కాలువలకు నీటిని మళ్లించడమే. వరదను ఆపి దాచుకునే శక్తి దానికి లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు వదలడం తప్ప దానికి మరో దారి లేదని తెలిసిన పిల్లకు "గేట్లన్నీ ఎత్తేశారు" అన్న కబురు విని గుండె ఝల్లుమనదు. వార్తలను పరీక్షించే చిట్కాలు ఎన్ని నేర్పినా, విషయం తెలియనివాడికి అవి పెద్దగా అక్కరకు రావని నేను అనడానికి కారణం ఇదే.

తేదీ సంగతి తొందరగా చెప్పేస్తాను. "ఈ రోజు రాత్రి", "రేపు ఉదయం" అనే మాటలు మాత్రమే ఉండి తేదీ లేని సందేశం ఎన్నేళ్లయినా పాతబడదు, ప్రతి వరదకూ కొత్తగా లేచి వస్తుంది. "గత వందేళ్లలో ఎన్నడూ లేని వరద" వంటి మాటలకు మాత్రం తరగతిలోనే పరీక్ష పెట్టవచ్చు: 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, 1986 ఆగస్టులో అది 75.6 అడుగులు. ఈ రెండు అంకెలు తెలిస్తే 2022లో తిరిగిన ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పిల్లలే చెబుతారు. 1986 వరద నీరు ఎక్కడి దాకా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఆ గుర్తును తమ వీధిలో చూసి రమ్మనండి. ఒక బడిలో ఈ పని ఇస్తే, ఒకే వీధిలోని రెండు ఇళ్లవాళ్లు రెండు వేర్వేరు ఎత్తులు చూపించారు, ఆ తేడా మీద జరిగిన చర్చ నేను వేసుకువెళ్లిన పాఠం కంటే బాగుంది.

వీడియోల విషయంలో పిల్లలకు మనకంటే చురుకైన కళ్లుంటాయి, వాటికి పని చెప్పడమే మనం చేయవలసినది. "చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఇప్పుడే కొట్టుకుపోయింది" అని ఒక వీడియో వచ్చిందనుకుందాం. ఆ కాజ్‌వే, అంటే నీటి మీదుగా తక్కువ ఎత్తులో వేసిన దారి, దాదాపు ప్రతి వరదకూ మునుగుతుంది కాబట్టి మాట నమ్మేలాగే ఉంటుంది. శబ్దం ఆపి ఒకసారి, బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే వింటూ ఇంకోసారి నడపమనండి. దుకాణం బోర్డు మీది లిపి ఏది, వెనక మాట్లాడుతున్నవాళ్ల యాస గోదావరి జిల్లాలదేనా, చెట్లు కొబ్బరేనా, ఇంటి కప్పులు మన వైపు ఇళ్లలా ఉన్నాయా అని రాయించండి. తరువాత బండ్ల నంబర్లు చూడమనండి. తూర్పుగోదావరి బండ్లకు ఏపీ 05, పశ్చిమగోదావరి బండ్లకు ఏపీ 37 ఉండేవి. 2019 నుంచి రాష్ట్రమంతటా కొత్త బండ్లకు ఏపీ 39 వచ్చింది. తెలంగాణలో టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలో. ఇక్కడ తర్కం కొంచెం సూక్ష్మమైనది, దాన్ని వదలకండి. వీడియోలో ఏపీ 39 నంబరు కనిపిస్తే అది 2019కి ముందుది కాదని గట్టిగా చెప్పవచ్చు. ఏపీ 05 నంబరు కనిపించినంత మాత్రాన పాత వీడియో అని చెప్పలేము, ఎందుకంటే ఆ బండ్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఏ ఆధారం ఎంతవరకు చెప్పగలదు, ఎక్కడ ఆగిపోతుంది అనే సంగతి పిల్లలకు ఇంత స్పష్టంగా పట్టుబడే ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు. ఆ తరువాత వీడియోను ఒకచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే, అదే దృశ్యం పాత తేదీతో ఎక్కడైనా ఉంటే చాలాసార్లు బయటపడుతుంది. బయటపడకపోతే మాత్రం అది కొత్తదని అర్థం కాదు.

వాట్సాప్‌లో కనిపించే రెండు బాణాల గుర్తు గురించి కూడా ఒక మాట. ఆ సందేశం కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని మాత్రమే దాని అర్థం, అబద్ధమని కాదు. అలాగే ఏ బాణమూ లేనంత మాత్రాన పంపినవారు స్వయంగా రాశారనీ కాదు, మాటలను కాపీ చేసి అతికిస్తే ఆ గుర్తు పోతుంది.

వరదలు నాలుగు నెలలే కాబట్టి మిగతా సంవత్సరానికి దినపత్రికను వాడుకోండి. ఫలితాలు వచ్చిన మర్నాటి పత్రికలో కళాశాలల పూర్తి పేజీ ప్రకటనలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, పదో తరగతి గుమ్మంలో నిలబడబోయే పిల్లలకు అంతకంటే దగ్గరి విషయం లేదు. ఆ పేజీని బల్ల మీద పరచి, ముఖాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. యాభై ముఖాలుంటే, పరీక్ష రాసినవారు మొత్తం ఎందరు అనే అంకె ఎక్కడుందో వెతకమనండి. నేను చూసిన ప్రకటనల్లో అది చాలావరకు కనిపించదు. యాభై మంది అనేది అరవై మందిలో యాభై అయితే ఒక కథ, ఆరు వేల మందిలో యాభై అయితే మరో కథ. ఒకే విద్యార్థి రెండు సంస్థల ప్రకటనల్లోనూ నవ్వుతూ కనిపించే సందర్భాలూ ఉంటాయి. అబ్బాయి ఒకచోట రెండేళ్లు చదివి, మరోచోట నాలుగు వారాల మాదిరి పరీక్షలు మాత్రమే రాసి ఉండవచ్చు, అప్పుడు రెండు ప్రకటనలూ సాంకేతికంగా తప్పు కావు. ఈ బాధ పడలేకనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థల ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి తమ దగ్గర ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో చెప్పాలని, అతని పేరు, ఫొటో వాడుకోవడానికి ఫలితాలు వచ్చిన తరువాతే సమ్మతి తీసుకోవాలని అందులో ఉంది. ఆ వివరం పేజీలో ఉందో లేదో, ఉంటే ఏ సైజు అక్షరాల్లో ఉందో పిల్లలు భూతద్దంతో వెతకడం చూడముచ్చటగా ఉంటుంది.

అదే పత్రికలో వార్తలా కనిపించే ప్రకటనలు కూడా ఉంటాయి. పై మూలలో "ప్రకటన" అని చిన్న అక్షరాలు, మొదట్లో ఊరి పేరు గానీ విలేకరి పేరు గానీ లేకపోవడం, ఒక్క సంస్థ తప్ప మరెవరి మాటా లేకపోవడం వాటి ఆనవాళ్లు. చివరి పేజీ అడుగున సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త ఎవరో చెప్పే లైను చూపించడం మరవకండి. 1867 నాటి చట్టం కోరిన ఆ లైనును దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం కూడా కోరుతోంది. "ఇందులో తప్పు వస్తే ఎవరిని అడగాలి?" అనే ప్రశ్నకు పత్రికలో ఆ లైను జవాబు చెబుతుంది. తరువాత ఊరి పేరుతో నడిచే ఏదో ఒక యూట్యూబ్ ఛానెల్ తెరిచి, అదే ప్రశ్నకు జవాబు వెతకమనండి. కొన్నిటిలో దొరుకుతుంది, కొన్నిటిలో దొరకదు. పత్రిక మనిషిని కదా అని పత్రికలను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. నా 48 అడుగుల బాక్స్ అచ్చయిన పత్రికలోనూ ఆ లైను ఉంది.

తెలియని వెబ్‌సైట్ ఎదురైనప్పుడు ఆ పేజీనే పట్టుకుని పైనుంచి కిందికి చదవడం మన చదువులు నేర్పిన అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో చరిత్రలో డాక్టరేట్ ఉన్న పదిమందిని, పత్రికల్లో నిజ నిర్ధారణ చేసే పదిమందిని, ఆ విశ్వవిద్యాలయంలోనే చదివే పాతికమందిని కొన్ని వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టారు. నిజ నిర్ధారకులు పేజీని కొన్ని క్షణాలు చూసి, వెంటనే కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమన్నారో చూసి తేల్చేశారు. పండితులు, విద్యార్థులు అందమైన పేజీని శ్రద్ధగా చదివి తరచుగా మోసపోయారు. మన భాషలో చెప్పాలంటే, పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఇంట్లో కూర్చుని అబ్బాయి గురించి విచారించం కదా, ఊళ్లో నలుగురినీ అడుగుతాం. అలా అడగదగిన చోట్లు కూడా దేనికవి వేరు: నీటిమట్టానికి కేంద్ర జల సంఘం, తుపానుకు వాతావరణ శాఖ, జిల్లాలో బడుల సెలవుకు కలెక్టర్ ఉత్తర్వు. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) నిజ నిర్ధారణ విభాగం కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన విషయాలనే చూస్తుంది, మీ మండలం సంగతి అక్కడ దొరకదు.

కృత్రిమ మేధతో చేసిన బొమ్మలను వేళ్లు లెక్కపెట్టి కనిపెట్టవచ్చని చెప్పిన రోజులు పోయాయి. కలెక్టర్ గొంతునే అనుకరించి సెలవు ప్రకటించగల కాలంలో, కంటితో, చెవితో తేల్చడం మీద పిల్లలకు నమ్మకం పెంచవద్దని నా సలహా. మొదట ఎక్కడ వెలువడింది అనే ప్రశ్నే ఇంకా పనిచేస్తోంది. చాట్‌బాట్‌ను అడిగితే అది కూడా తడబడకుండా తప్పు చెప్పగలదు, పైగా ఆ గంట నీటిమట్టం దానికి తెలియకపోవచ్చు.

ఇంట్లో ఏం జరుగుతుందన్నది మీరు అడగలేదు గానీ, అసలు కష్టం అక్కడే ఉంది. బాబాయి కుటుంబం గ్రూపులో పెట్టిన సందేశం కింద తొమ్మిదో తరగతి పిల్ల "ఇది అబద్ధం" అని రాస్తే, ఆ రోజుతో ఆమె చేతిలో ఫోన్ ఉండదు. అందుకని నేను పిల్లలకు, గ్రూపులో సమాధానం రాయవద్దని, విడిగా పక్కన కూర్చుని "బాబాయ్, ఇది ఏ రోజుదంటావు? ధవళేశ్వరందా, భద్రాచలందా?" అని అడగమని చెబుతాను. అడిగిన తీరులో పెద్దరికానికి లోటు లేదు కాబట్టి పెద్దవాళ్లు కూడా ఆలోచనలో పడతారు, కొందరు తామే తీసేస్తారు. విపత్తు గురించి తప్పుడు హెచ్చరికను పుట్టించి లేదా వ్యాపింపజేసి జనాన్ని భయభ్రాంతులను చేస్తే, 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా ఉంటుందని కూడా తెలియజేయవచ్చు. నేను దాన్ని చివర్లో ఒక్కసారే చెబుతాను. మొదట్లోనే చెబితే పిల్లలు నిజమైన హెచ్చరికను పంపడానికి కూడా జంకుతారు.

ఇక మార్కులు. నిజమా, అబద్ధమా అని టిక్కు పెట్టించే ప్రశ్నపత్రం వద్దు, అందులో సగం మార్కులు ఊహకే వస్తాయి. ప్రతి విద్యార్థి చేత నెలకు ఒక్క సందేశం నోటుపుస్తకంలో ఎత్తి రాయించి, దాని కింద ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అనే మూడు ప్రశ్నలకు తను వెతికిన చోట్లు, దొరికినవి, దొరకనివి రాయమనండి. పదికి ఆరు మార్కులు వెతికిన దారికి, మూడు మార్కులు ఆధారం ఎంతవరకు చెబుతోందో గుర్తించినందుకు, తీర్పుకు ఒక్కటే. సరిగ్గా వెతికి "తేల్చలేకపోయాను" అని రాసిన పిల్లవాడికి ఆ ఒక్క మార్కూ ఇవ్వండి. మొదటి నెలలో దాదాపు అందరూ "గూగుల్‌లో చూశాను" అని మాత్రమే రాస్తారు, విసుక్కోకండి. ఏ పేజీ, ఏ తేదీ అని ఎర్ర సిరాతో రెండు మాటలు రాసి వెనక్కి ఇస్తే చాలు. వచ్చే జూలైలో మొదటి వరద రాకముందే కొలబద్దల బొమ్మ గోడ మీదికి ఎక్కేలా చూసుకోండి.